అదుపు తప్పింది ఎవరు? - టీవీ కథల్లో శక్తులున్న పిల్లలు

సెలవులకు ఇంటికొచ్చిన హాస్టల్ పిల్లలను ఫోన్‌లో ఏం చూస్తున్నారని అడగండి. సినిమాల తర్వాత ఎక్కువగా వినిపించేవి బయటి దేశాల సీరియళ్ల పేర్లే. కొన్ని తెలుగు డబ్బింగ్‌లో చూస్తారు, కొన్ని హిందీలో చూస్తారు, అర్థమైనా కాకపోయినా కొన్ని ఇంగ్లిష్‌లోనే చూసేస్తారు. సిగ్నల్ దొరికే గట్టు మీద ముగ్గురు నలుగురు ఒకే ఫోన్ మీదికి తలలు వంచి కూర్చుంటారు. ఆ కథల్లో ఒక రకం పిల్ల మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చెయ్యి తగలకుండానే తలుపు విరిగిపోతుంది. కోపమొస్తే బల్బులు పేలిపోతాయి. ఏడిస్తే గాలి లేస్తుంది. ఆ శక్తి ఎందుకొచ్చిందో ఆ పిల్లకు తెలియదు, ఆపడం చేతకాదు. పెద్దవాళ్లంతా చుట్టూ చేరి ఒకటే మాట అంటారు, దీన్ని అదుపు చేయాలి అని.

ఈ మాట మనకు కొత్తేమీ కాదు. మన పిల్లల గురించి బడిలో వినే మాటే ఇది. చెప్పిన చోట కూర్చోరు, చెట్లెక్కుతారు, వాగులో దిగుతారు, సంత రోజు బడి ఎగ్గొడతారు, అడిగితే బదులు చెప్పరు. అందుకే ఈ సీరియళ్లను కాలక్షేపం అని వదిలేయకుండా ఒకసారి మనవైపు నుంచి చదవాలనిపించింది. వీటిలో నాకు కనిపించింది చెప్తాను. శక్తి అదుపు తప్పడానికి మూలం ఆ పిల్లలో ఉండదు. ఆ పిల్లను తనవాళ్ల నుంచీ తన మాట నుంచీ విడదీసిన చోట ఉంటుంది. మంచి కథలు ఆ చోటు చూపిస్తాయి, నాసి కథలు దాచిపెడతాయి. మంచివి కూడా కొన్నిసార్లు సగం చూపించి మొహం తిప్పుకుంటాయి.

ఈ తరహా కథల్లో బాగా పేరున్న పాత కథ 1961 నవంబర్ 3న అమెరికా టీవీలో వచ్చింది. 'ట్వైలైట్ జోన్' అనే సీరీస్‌లో 'ఇట్స్ ఎ గుడ్ లైఫ్' అనే ఎపిసోడ్. జెరోమ్ బిక్స్‌బీ 1953లో రాసిన కథను రాడ్ సెర్లింగ్ టీవీకి రాశాడు. పీక్స్‌విల్ అని చిన్న ఊరు. ఆంథనీ అనే ఆరేళ్ల పిల్లాడు ఆ ఊరిని మిగతా లోకం నుంచి తెంచేశాడు. కరెంటు లేదు, మోటారు బండ్లు లేవు, ఎందుకంటే అవి వాడికి నచ్చలేదు. వాడు మనసులోని మాట వినగలడు. నచ్చని ఆలోచన వచ్చినవాణ్ణి మొక్కజొన్న చేనులోకి పంపించేస్తాడు. వెళ్లినవాళ్లు తిరిగి రారు. పాట అంటే వాడికి గిట్టదు. పాడినందుకు ఒక అత్తమ్మ మతి చెడగొట్టాడు. అందుకే ఊళ్లో అందరూ నవ్వుతూ ఉంటారు. వాడేం చేసినా మంచి పని చేశావు నాయనా అంటారు. ఒక రాత్రి పుట్టినరోజు విందులో డాన్ అనే ఆయన తాగి, ఇక ఓర్చుకోలేక, పిల్లాడు నా మీద చూపు పెట్టినప్పుడు ఎవరో ఒకరు వెనక నుంచి కొట్టండని అరుస్తాడు. ఎవరూ కదలరు. అత్తమ్మ చెయ్యి పొయ్యి దగ్గరి ఇనుప కడ్డీ మీదికి పోయి ఆగిపోతుంది. డాన్ స్ప్రింగుబొమ్మ అయిపోతాడు. చివరికి పిల్లాడు మంచు కురిపిస్తాడు. పంట పోతుందని తండ్రి నోరు తెరిచి, అంతలోనే సర్దుకుని, మంచిదే చేశావంటాడు.

ఈ ఎపిసోడ్‌ను అమెరికావాళ్లు గారాబం చేసిన పిల్లాడి కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం వాడిలో పిల్లాడు కనిపించడు, దొర కనిపిస్తాడు. పీక్స్‌విల్ ఒక గడీ కింది ఊరు. అక్కడి జనం మాట్లాడే భాష నీ బాంచెన్ అనే భాష. దొర ముందు నవ్వాలి, లోపల ఏమనుకుంటున్నామో దొరకు తెలియకూడదు, పొరుగువాణ్ణి లాక్కుపోతుంటే చూపు తిప్పుకోవాలి. వెట్టి కాలం చూసిన తాతలు మిగిలిన ఊళ్లో ఈ ఎపిసోడ్ వేసి చూపిస్తే ఒక్క మాట వివరించనక్కర్లేదు. అసలు అదుపులేని శక్తి అంటే ఇది. ఎవరూ ప్రశ్నించలేని శక్తి. దాన్ని ఆరేళ్ల పిల్లాడి మొహానికి అతికించారు, అందుకే అది ఊరికే భయంగా ఉంటుంది. పెద్దవాళ్ల మొహానికి అతికించి ఉంటే రాజకీయంగా ఉండేది.

2003లో ఇదే కథకు కొనసాగింపు తీశారు. ఆంథనీగా చేసిన బిల్ మ్యూమీయే పెద్దవాడై మళ్లీ వచ్చాడు. అతని కూతురి పాత్రను అతని సొంత కూతురు వేసింది. ఆ కూతురికి తండ్రి కంటే ఎక్కువ శక్తి ఉంటుంది. తండ్రి మాయం చేసినవాటిని తిరిగి తేగలదు. ఊరివాళ్లు ఆమెను తండ్రి మీదికి ఎగదోయాలని చూస్తారు, ఆమె తండ్రి వైపే నిలబడి వాళ్లనే మాయం చేస్తుంది. దొర పోతే దొరబిడ్డ.

రెండో కథ 1966 సెప్టెంబర్ 15న వచ్చింది. 'స్టార్ ట్రెక్'లో 'చార్లీ ఎక్స్'. గిరిజన పిల్లలకు చదువు చెప్పే ఎవరైనా ఒకసారి చూడాల్సిన ఎపిసోడ్ ఇది. థేసస్ అనే గ్రహం మీద ఓడ కూలిపోయి, మూడేళ్ల పసివాడు ఒక్కడే బతుకుతాడు. పద్నాలుగేళ్ల తర్వాత మనుషులు వాణ్ణి కనుక్కుని 'కాపాడి' తీసుకొస్తారు. పదిహేడేళ్ల వయసు, మనుషుల మధ్య ఎలా ఉండాలో తెలియదు. ఎంటర్‌ప్రైజ్ ఓడలో అందరూ వాణ్ణి చూసి మొదట నవ్వుకుంటారు, తర్వాత చిరాకుపడతారు. నచ్చిన ఆడమనిషి వెనక తిరుగుతాడు, ఆమె వద్దంటే ఆమెను మాయం చేస్తాడు. నవ్విన ఒకామె మొహంలో కళ్లూ నోరూ లేకుండా చేస్తాడు. వాణ్ణి కనుక్కున్న మొదటి ఓడను అప్పటికే నాశనం చేసి ఉంటాడు.

చివరికి అసలు సంగతి తెలుస్తుంది. ఆ గ్రహం మీద శరీరం లేని జీవులున్నాయి. పసివాడు బతకాలని ఆ శక్తి వాడికిచ్చింది అవే. ఇప్పుడు వాడి కోసం వస్తాయి. ఓడ కెప్టెన్ కర్క్ వాడి తరఫున అడుగుతాడు. వాడు తన జాతివాళ్ల మధ్యే ఉండాలి, శక్తి వాడకుండా ఉండడం నేర్పుకుంటామంటాడు. వాడు వాడకుండా ఉండలేడని ఆ జీవులు అంటాయి. నేను ఉంటాను, నన్ను పంపొద్దని చార్లీ ఏడుస్తుండగానే మాయమైపోతాడు. అరవై ఏళ్ల కింద తీసిన ఎపిసోడ్, సెట్లు అట్టముక్కల్లా కనిపిస్తాయి, అయినా ఆ చివరి నిమిషం గుండెను పట్టేస్తుంది.

ఇందులో ఒక్క మాట ఎవరూ అడగరు. పద్నాలుగేళ్లు పెంచినవాళ్లు వాడికేమవుతారు? కర్క్ దృష్టిలో వాళ్లు పెంచినవాళ్లు కారు, వాడు అనాథగా ఉండిపోయాడంతే. వాళ్లిచ్చిన శక్తి మనుషుల్లో రోగంగా మారింది. అక్కడ బతకడానికి అక్కరకొచ్చింది ఇక్కడ పనికిరాకుండా పోయింది. ఐదో తరగతి దాకా గూడెంలో కోయ మాట్లాడి, ఆరో తరగతికి మైదానం బడికి వచ్చిన పిల్లవాణ్ణి తలుచుకోండి. అడుగుజాడ చూసి ఏ జంతువు పోయిందో చెప్పగలవాడు అక్కడ మొద్దు అనిపించుకుంటాడు. చార్లీ చేసిన పనులు క్షమించదగ్గవి కావు, ముఖ్యంగా ఆ ఆడమనిషి పట్ల చేసినవి. ఆ పని తప్పని వాడికి చెప్పడానికి కర్క్ ఒకసారి ప్రయత్నిస్తాడు, తడబడతాడు, వేరే మాటలోకి జారిపోతాడు. ఆడమనిషి మీద చెయ్యి ఎందుకు వేయకూడదో మగపిల్లాడికి చెప్పాల్సి వచ్చినప్పుడు మన సార్లు పడే తడబాటు కూడా అచ్చం అలాగే ఉంటుంది.

మన దేశపు సీరియళ్లలో ఈ అదుపు సమస్య పెద్దగా రాదు. 2012లో మొదలైన 'బాల్‌వీర్'లో పిల్లాణ్ణి పెంచింది పరులే, కానీ వాడు బుద్ధిమంతుడు, పెద్దల మాట జవదాటడు, నీతి చెప్తాడు. 'సోన్‌పరి' కూడా అంతే, శక్తి పరి దగ్గర ఉంటుంది, పాపకు సాయం మాత్రమే అందుతుంది. శక్తి ఎప్పుడూ పైనుంచి మంచి పిల్లలకు దక్కే బహుమతి. ఇలాంటివాటిలో విమర్శకు పెద్దగా సరుకు లేదు. శక్తి తనలోంచే పొంగి, తననే భయపెట్టే పిల్ల కావాలంటే 2016లో వచ్చిన 'స్ట్రేంజర్ థింగ్స్' దగ్గరికి పోవాలి. మన పిల్లలకు బాగా తెలిసింది కూడా అదే.

కథ 1983లో, ఇండియానా రాష్ట్రంలోని హాకిన్స్ అనే ఊళ్లో మొదలవుతుంది. గుండు చేసిన తలతో, ఆసుపత్రి గౌనుతో ఒక పిల్ల అడవిలోంచి వస్తుంది. మాటలు సరిగా రావు. మణికట్టు మీద 011 అని పచ్చబొట్టు. పేరేమిటని అడిగితే ఆ అంకెనే చూపిస్తుంది. ఎలెవన్ అంటే పదకొండు. అదే ఆమె పేరు. ప్రభుత్వ ప్రయోగశాలలో బ్రెన్నర్ అనే డాక్టర్ ఆమెను పెంచాడు. అతన్ని పాపా అని పిలవమని నేర్పాడు. చూపుతో కోకాకోలా డబ్బా నలపమంటాడు, నలుపుతుంది. పిల్లిని చంపమంటాడు, చంపదు. చంపనందుకు చీకటి గదిలోకి ఈడ్చుకుపోతారు. అక్కడ ఆ పిల్ల శక్తి మొదటిసారి అదుపు తప్పి ఇద్దరు గార్డుల ప్రాణం పోతుంది. అప్పుడు బ్రెన్నర్ ఏం చేస్తాడో గమనించండి. కోప్పడడు. మురిసిపోయి, మొహం నిమిరి, ఎత్తుకుని తీసుకెళ్తాడు. పిల్లిని కాపాడితే శిక్ష, మనుషులను చంపితే ముద్దు. 'అదుపు చేయాలి' అనేవాళ్లకు నిజంగా కావలసింది ఏమిటో ఈ ఒక్క సీన్‌లో తేలిపోతుంది. అదుపు వాళ్లకు అక్కర్లేదు. మీట తమ చేతిలో ఉంటే చాలు.

ఆమె తల్లి టెర్రీ. ఆమె మీద ఎంకే అల్ట్రా పేరుతో మందుల ప్రయోగాలు జరిగాయని కథ చెప్తుంది. ఈ పేరు కల్పితం కాదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ 1953లో మొదలుపెట్టిన నిజమైన కార్యక్రమం అది. మనుషులకు తెలియకుండానే వాళ్ల మీద మత్తుమందులు ప్రయోగించారు. 1970ల్లో అక్కడి సెనేట్ విచారణల్లో బయటపడింది. కథలో పుట్టిన బిడ్డను లాక్కుని, గర్భం పోయిందని తల్లికి చెప్పారు. ఆమె నమ్మలేదు, బిడ్డ కోసం ప్రయోగశాలలోకి దూసుకెళ్లింది. కరెంటు షాకులిచ్చి మతి పోగొట్టారు. ఇంట్లో కుర్చీలో కూర్చుని అవే నాలుగు మాటలు తిప్పి తిప్పి అంటుంటుంది. బిడ్డకు ఆమె పెట్టుకున్న పేరు జేన్.

గుండు, అంకె, మారిపోయిన పేరు, పాపా అనే కొత్త తండ్రి. ఉత్తర అమెరికా ఆదివాసులు ఈ సీరియల్ చూస్తే ఏం గుర్తొస్తుందో ఊహించడం కష్టం కాదు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ ఇండియన్ స్కూల్ పెట్టి, తెగల పిల్లలను తల్లిదండ్రుల నుంచి దూరంగా రైళ్లలో తెచ్చి, జుట్టు కత్తిరించి, ఇంగ్లిష్ పేర్లు పెట్టి, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. కెనడాలోనూ ఇలాంటి బడులు నడిచాయి. వాటిలోకి లక్షన్నర మందికి పైగా పిల్లలు వెళ్లారని అక్కడి సత్య శోధన సంఘం 2015లో తన నివేదికలో చెప్పింది. సీరియల్ తీసినవాళ్లు ఈ చరిత్ర గురించి ఒక్క మాట ఎత్తరు. వాళ్ల కథలో పిల్ల తెల్లపిల్ల, నేరం చేసింది ఒక రహస్య ప్రయోగశాల. కానీ నిజంగా ఆ పని చేసిన సంస్థలు రహస్యంగా లేవు. బోర్డు పెట్టుకుని, ఫొటోలు తీసుకుని మరీ చేశాయి.

మన దగ్గరి సంగతి అంత ఘోరం కాదని అనొచ్చు, నిజమే. కానీ బడి రిజిస్టర్‌లో మన పేర్లు ఏమయ్యాయో మన తరానికి తెలుసు. పలకడానికి నోరు తిరగలేదని మాస్టారు రాసిన పేరే సర్టిఫికెట్ల మీద మిగిలిపోయినవాళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు. రోల్ నంబరుతో పిలిస్తే పలికే అలవాటు ఇంకా పోలేదు.

సీరియల్‌లో మైక్ అనే కుర్రాడు పదకొండు అనే అంకెను చిన్నది చేసి 'ఎల్' అని పిలవడం మొదలుపెడతాడు. స్నేహితుడంటే ఏమిటి, మాట ఇవ్వడం అంటే ఏమిటి, ఒక్కో మాట ఆ పిల్లలే ఆమెకు చెప్తారు. రెండో సీజన్‌లో పోలీసు అధికారి హాపర్ ఆమెను అడవిలో గుడిసెలో దాచి, రోజుకో కొత్త మాట నేర్పుతాడు. ప్రేమతోనే దాస్తాడు, కానీ బయటికి పోవద్దంటాడు, నెలలు గడిచిపోతాయి. ఒకరోజు ఆమె అరిచిన అరుపుకు అద్దాలన్నీ పగిలిపోతాయి. ఆ కేక శక్తి ప్రదర్శన అనుకుంటే పొరపాటు. పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్లను ఏడాది పొడుగునా నాలుగు గోడల మధ్య ఉంచితే ఏ ఇంట్లోనైనా అద్దాలు పగులుతాయి.

ఇంతవరకు సీరియల్ నిజాయితీగానే ఉంది. నా ఫిర్యాదు వేరే. ఆ పిల్ల బాధంటే ఈ కథకు మరీ ఇష్టం. సీజన్ ముగింపు వచ్చిందంటే చెయ్యి చాచాలి, కేక పెట్టాలి, ముక్కులోంచి రక్తం కారాలి, ఊరు బతకాలి. మూడో సీజన్ చివర్లో ఆమె శక్తి పోతుంది. మామూలు బడిలో చేరుతుంది, తోటి పిల్లలు ఏడిపిస్తారు. ఇక్కడ ఒక గొప్ప కథ ఉంది. శక్తి లేకుండా ఆ పిల్ల ఎలా బతుకుతుంది, అక్షరాలు ఎలా నేర్చుకుంటుంది? కథకులకు అంత ఓపిక లేదు. శక్తి తిరిగి రావాలంటూ ఆమెను మళ్లీ బ్రెన్నర్ చేతికే అప్పగిస్తారు, పాత గదులను మళ్లీ కళ్ల ముందు నిలబెట్టి పాత బాధనే తవ్వుతారు. హింసించినవాడే గురువు అయ్యాడు. ఒక్క చోట మాత్రం కథ నిలబడింది. చచ్చిపోతూ బ్రెన్నర్, నీ మంచికే చేశానని, అర్థమైందని చెప్పమని బతిమాలతాడు. ఆమె ఆ మాట అనదు. వెళ్లొస్తానని మాత్రం అంటుంది.

ఇదే ప్రయోగశాల నుంచి తప్పించుకున్న కాళి అనే ఇంకో పిల్ల ఉంది, భారతీయ మూలాలున్న పిల్ల, ఆమె అంకె 008. తమను హింసించినవాళ్లను వెతికి చంపుతుంటుంది. రెండో సీజన్‌లో ఆమెకు దాదాపు ఒక్క ఎపిసోడే దక్కింది. ఆమె కోపం తప్పని తేల్చి, కథ హాకిన్స్‌కు తిరిగి వెళ్లిపోయింది. నల్లపిల్ల కోపానికి టీవీలో ఇచ్చే సమయం ఎప్పుడూ తక్కువే.

2019లో వచ్చిన 'అంబ్రెల్లా అకాడమీ'లో కూడా అంకెలే. ఒక ధనవంతుడు శక్తులున్న ఏడుగురు పిల్లలను తల్లుల దగ్గర కొనుక్కుని, ఒకటి నుంచి ఏడు దాకా నంబర్లిచ్చి పెంచుతాడు. ఏడో బిడ్డ వాన్యా శక్తి చూసి భయపడి, మాత్రలు మింగించి, నువ్వు మామూలు పిల్లవేనని నమ్మిస్తాడు. సీజన్ ఎక్కువ భాగం వీడియో గేమ్‌లా సాగుతుంది, దాని గురించి ఎక్కువ చెప్పను. కానీ 'నువ్వు మామూలే' అని ఇరవై ఏళ్లు చెప్పించుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ నటన చూపిస్తుంది. మన యువకుల్లో ఆ మొహం నేను చాలాసార్లు చూశాను.

ఇక్కడ మన సంగతి ఒకటి మాట్లాడుకోవాలి. మనిషిలోకి మామూలుకు మించిన శక్తి రావడం మనకు టీవీ చెప్పిన విషయం కాదు. మేడారంలో శిగాలూగేవాళ్లను చూసినవాళ్లమే. అక్కడ పూనకం వచ్చినవాళ్లను ఎవరూ గదిలో పెట్టి తాళం వేయరు. డోలు ఉంటుంది, పసుపు నీళ్లు ఉంటాయి, పడిపోకుండా పట్టుకునే చేతులుంటాయి, ఏం అడగాలో తెలిసిన పెద్దలుంటారు. వచ్చిన శక్తి ఎప్పుడు దిగాలో కూడా ఒక పద్ధతి ఉంది. నమ్మడం నమ్మకపోవడం వేరే విషయం. నేను చెప్పేది ఆ చుట్టూ ఉన్న మనుషుల గురించి.

అలాగని మన ఊళ్లన్నీ గొప్పవని చెప్పుకుని తప్పించుకోలేం. చిల్లంగి పెట్టాడనీ, బాణామతి చేసిందనీ ముసలివాళ్లను, ఒంటరి ఆడవాళ్లను కొట్టి చంపింది కూడా మన ఊళ్లలోనే. జ్వరం ఎందుకొచ్చిందో తెలియనప్పుడు పీక్స్‌విల్ భయం మనకూ పట్టుకుంటుంది. కానీ మనం వేలెత్తి చూపేది దొర వైపు కాదు, దిక్కులేనివాళ్ల వైపు. ఆశ్రమ పాఠశాలల్లో ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు కేకలు వేసి పడిపోయారన్న వార్తలు కూడా అప్పుడప్పుడు వస్తుంటాయి. ఒకరు దయ్యం అంటారు, ఒకరు నాటకం అంటారు. భూతవైద్యుణ్ణి పిలిచేవాళ్లున్నారు, బెత్తం తీసేవాళ్లున్నారు. డాక్టర్లు దాన్ని మనసులోని భయం ఒకరి నుంచి ఒకరికి పాకడం అంటారు. ఆ పిల్ల దేనికి భయపడుతోందని, రాత్రిపూట హాస్టల్‌లో ఏం జరుగుతోందని అడిగేవాళ్లు తక్కువ. ఎలెవన్ కథ చూసి కన్నీళ్లు పెట్టుకున్న టీచర్ మర్నాడు తన క్లాసులో పడిపోయిన పిల్లను ఎలా చూస్తుంది? ఈ కథల విలువ అక్కడ తేలుతుంది.

శక్తి ఉన్న పిల్లకు గురువులుంటే ఎలా ఉంటుందో చూపిన సీరియల్ ఒకటుంది. 'అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్'. నీలం మనుషుల సినిమా కాదు. 2005 నుంచి 2008 దాకా నికలోడియన్‌లో వచ్చిన బొమ్మల సీరియల్. పేరు మన సంస్కృత మాటే. నీరు, మట్టి, నిప్పు, గాలి, ఒక్కోదాన్ని కదిలించగల జాతులు నాలుగు. నాలుగింటినీ కదిలించగలవాడు అవతార్. ఆ వంతు ఆంగ్ అనే పన్నెండేళ్ల గాలి జాతి పిల్లాడికి వస్తుంది. పదహారేళ్లకు చెప్పాల్సిన సంగతి యుద్ధం వస్తోందని ముందే చెప్పేస్తారు. తండ్రిలా పెంచిన ముసలి సన్యాసి గ్యాట్సో నుంచి విడదీయాలని నిర్ణయిస్తారు. పిల్లాడు రాత్రికి రాత్రి పారిపోయి, తుపానులో చిక్కి, వందేళ్లు మంచుగడ్డలో ఉండిపోతాడు. ఆ వందేళ్లలో నిప్పు రాజ్యం గాలి జాతిని ఒక్కరు మిగలకుండా చంపేసింది.

తిరిగొచ్చిన ఆంగ్ తన ఊరికి వెళ్లి గ్యాట్సో ఎముకలు చూస్తాడు. కళ్లు వెలిగిపోతాయి, గాలి సుడులు తిరుగుతుంది, శక్తి చేయి దాటిపోతుంది. నీటి తెగ అమ్మాయి కటారా ఆ గాలిలోకే నడిచి వెళ్లి, తన అమ్మ పోయినప్పుడు తనకెలా ఉందో చెప్పి, ఇక మేమే నీ కుటుంబం అంటుంది. గాలి ఆగుతుంది. మాత్రలు లేవు, చీకటి గది లేదు. జాతి మొత్తం పోయిన పిల్లాడి దుఃఖాన్ని ఆమె 'అదుపు లేకపోవడం' అనుకోలేదు. తర్వాత ఒక సైన్యాధికారి ఇదే శక్తిని ఆయుధంగా వాడాలని, ఆంగ్‌కు కోపం రప్పించడానికి కటారాను మట్టిలో పాతిపెడతాడు. బ్రెన్నర్ జాతివాడే, యూనిఫాం వేరు.

ఇంకో చోట ఆంగ్ నిప్పుతో ఆడుతూ కటారా చేతులు కాల్చేస్తాడు. గురువు చెప్పింది వినక చేసిన పని. ఏడుస్తూ ఏటి దగ్గర చేతులు ముంచిన కటారాకు నీటితో గాయం మాన్పే శక్తి తనలో ఉందని అప్పుడే తెలుస్తుంది. ఆంగ్ ఆ తర్వాత చాలాకాలం నిప్పు ముట్టడు. చివరి సీజన్‌లో నిప్పును మళ్లీ నేర్చుకోవడానికి అతను వెళ్లింది అందరూ అంతరించారనుకున్న సూర్య యోధుల దగ్గరికి. వాళ్లు బతికే ఉన్నారు, బయటివాళ్లకు కనబడకుండా తమ విద్య దాచుకున్నారు. వాళ్ల పెద్ద ఆంగ్ చేతిలో చిన్న నిప్పు పెట్టి కొండ ఎక్కమంటాడు. తక్కువైతే ఆరిపోతుంది, ఎక్కువైతే చేయి దాటుతుంది. పొరుగింటి నుంచి పెంకులో నిప్పు తెచ్చుకున్న అమ్మమ్మలకు ఈ పాఠం తెలుసు. ఆరు దశాబ్దాల టీవీలో 'అదుపు' అనే మాటకు నేను చూసిన మంచి అర్థం ఇదే.

ఈ కథ రాసినవాళ్లు కూడా బయటివాళ్లే. నీటి తెగను ఇన్యూట్ ప్రజల్ని చూసి గీశారు, కానీ గొంతులు చాలావరకు తెల్లవాళ్లవి. 2010లో సినిమా తీసినప్పుడు ఆంగ్, కటారా పాత్రలను తెల్లపిల్లలకిచ్చారు, పెద్ద గొడవైంది. 2024లో నెట్‌ఫ్లిక్స్ తీసినదాంట్లో కటారాగా మోహాక్ తెగ అమ్మాయి కియావెంటియో నటించింది. పందొమ్మిదేళ్లకు ఆ కుర్చీ ఆ ఇంటివాళ్లకు దక్కింది.

బొమ్మల సీరియల్‌లో నన్ను ఇంకా వదలని పాత్ర హమ. దక్షిణ నీటి తెగ మీద నిప్పు రాజ్యం దాడులు చేసి, నీటి శక్తి ఉన్నవాళ్లను ఒక్కొక్కరిని పట్టుకుపోయింది. హమను కూడా. నీళ్లు అందకుండా ఎండగొట్టి బోనుల్లో పెట్టారు. ఏళ్లు గడిచాక, ఒంట్లోని నెత్తురూ నీరే కదా అని కనిపెట్టింది. నిండు చంద్రుడి రాత్రి కాపలావాళ్ల ఒళ్లు తన చేతుల్లోకి తీసుకుని బయటపడింది. ముసలిదై శత్రువుల ఊళ్లోనే దాక్కుని, పౌర్ణమికి ఊరివాళ్లను ఎత్తుకుపోయి కొండలో బంధిస్తుంటుంది. ఆ విద్యను కటారా మీదికి బలవంతంగా రుద్దుతుంది. ఊరివాళ్లు హమను సంకెళ్లు వేసి తీసుకుపోతారు, ఆమె నవ్వుతుంది, కటారా ఏడుస్తుంది. కథ అక్కడితో ఆమెను వదిలేసింది. ఆమెను బోనులో పెట్టినవాళ్లకు ఏ శిక్ష పడిందో చెప్పలేదు. మామూలు ఊరివాళ్లను హింసించడం తప్పే, కాదనను. కానీ దయ్యపు ముసలిగా గీసిన ఆ మొహం వెనక బోనులో ఎండిపోయిన పడుచుపిల్ల ఉంది. ఆ పిల్ల ఏళ్లను నాలుగు నిమిషాల్లో దాటేశారు. మన రచయితలెవరైనా ఆ బోను లోపలి నుంచి ఒక కథ రాస్తే చదవాలని ఉంది, కోయలోనో గోండీలోనో కువిలోనో.

అయితే హమ నేర్పింది వృథా పోలేదు. కొన్ని ఎపిసోడ్ల తర్వాత, తన తల్లిని చంపిన సైనికుణ్ణి వెతుక్కుంటూ కటారా బయలుదేరుతుంది. తెగలో చివరి నీటి శక్తి ఎవరని సైనికుడు అడిగితే, తల్లి కూతుర్ని కాపాడాలని నేనేనని చెప్పి చచ్చిపోయింది. కటారా దారిలో ఒకణ్ణి చూసి వాడేననుకుని, అతని ఒంట్లోని నెత్తురు పట్టి వంచేస్తుంది. పక్కనున్నవాడు బిత్తరపోతాడు. అసలువాడు చివరికి ఒక చిన్న ఊళ్లో సంచి మోసుకుంటూ దొరుకుతాడు. వాన పడుతోంది. కటారా చెయ్యెత్తగానే చినుకులు గాలిలోనే ఆగిపోయి, మంచు సూదులై అతని మొహం ముందుకు వచ్చి నిలుస్తాయి. తర్వాత కరిగి నీళ్లై కింద పడతాయి. అతను కాళ్లావేళ్లా పడతాడు, కావాలంటే నా తల్లిని చంపుకోమంటాడు. అతన్ని క్షమించి ఉంటే బాగుండునని ఆంగ్‌కు ఉంటుంది. కటారా అతన్ని చంపలేదు. క్షమించలేదని ఆంగ్‌కు మొహం మీదే చెప్తుంది, ఎప్పటికీ క్షమించనంటుంది.